చెయ్యెత్తితే చాలు, బ్రా వెనక పట్టీ పైకి పాకుతోంది. నా అసలు సైజు ఎలా తెలుసుకోవాలి?

లెక్కల టీచరు, బెంగళూరు

అందరికీ నమస్కారం. ఇది రాయాలా వద్దా అని నాలుగు రోజులు తటపటాయించి రాస్తున్నాను. అమ్మ నెల్లూరులో ఉంటుంది. ఫోనులో ఈ మాట ఎత్తితే "ఒక సైజు పెద్దది కొనుక్కో, గాలాడుతుంది" అంటుంది. అమ్మ మాట మీద 34 నుంచి 36కీ, 36 నుంచి 38కీ వచ్చాను. సుఖం మాత్రం ఏ అంకె దగ్గరా దొరకలేదు.

నాకు ముప్ఫై ఆరేళ్ళు. రామమూర్తి నగర్‌లో ఉంటాం. ఒక స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెబుతాను. రోజుకు ఆరు పీరియడ్లు నిలబడి బోర్డు మీద రాయాలి. అసలు కష్టం అక్కడే. కుడి చెయ్యి పైకెత్తి సమీకరణం మొదలుపెట్టగానే వెనక పట్టీ వీపు మీద పైకి పాకుతుంది. ముందు కప్పులు కిందికి దిగుతాయి. కప్పు కింది అంచు రొమ్ము మీదికి ఎక్కి కూర్చుంటుంది. నలభై మంది పిల్లల ముందు సర్దుకోలేను కదా. గంట కొట్టేదాకా మోచేతిని పక్కకు అదుముకుని నెట్టుకొస్తాను. ఏడాదిగా బోర్డు పై సగంలో రాయడమే మానేశాను. కింద రాస్తే వెనక బెంచీల వాళ్ళకు ముందు వాళ్ళ తలలు అడ్డు. "కనపడటం లేదు మేడమ్" అని వాళ్ళు అన్నప్పుడల్లా నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

భుజాల మీద పట్టీలు దిగి గాడులు పడ్డాయి. స్నానం చేసేటప్పుడు వేలితో తడిమితే తెలుస్తాయి. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ఎండాకాలంలో రొమ్ముల కింద చర్మం ఒరుసుకుపోయి మంట.

మొన్న కమర్షియల్ స్ట్రీట్ వైపు వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో అడిగాను. కౌంటరు వెనక ఉన్నాయన టేపు కూడా తియ్యలేదు. నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి "38 బి" అని పెట్టె తెరిచారు. వేసుకుని చూసే వీలు లేదన్నారు, ఒకసారి కొంటే వాపసు లేదన్నారు. ఆ చూపు తప్పించుకోవాలన్న తొందరలో రెండు కొనుక్కుని వచ్చేశాను. అలా తెచ్చినవి బీరువాలో ఇప్పటికి పదకొండు పడి ఉన్నాయి.

ఆ అంకె దేనికి, ఆ అక్షరం దేనికి? ఇంట్లోనే కొలుచుకోవచ్చా? నాకు లెక్క అర్థమైతే మిగతాది నేను చూసుకోగలను. ఎవరికైనా తెలిస్తే దయచేసి వివరంగా చెప్పండి.

వైట్‌ఫీల్డ్ వాసి

టీచరు గారూ, నేనూ ఐదేళ్ళు ఇలాగే గడిపాను. కౌంటరు మీద పెట్టెలు తెరిచి అమ్మే చోట్లకు ఇక వెళ్ళకండి. మాల్‌లలో లోదుస్తుల కోసమే ఉన్న దుకాణాలలో ఆడవాళ్ళే కొలుస్తారు, వేసుకుని చూసే గది ఉంటుంది. మన ఊళ్ళో ఇందుకు కొరత లేదు. లోదుస్తులు అమ్మే జివామే 2011లో బెంగళూరులోనే మొదలైంది, ఎనామర్ కూడా ఇక్కడి కంపెనీదే. వెళ్ళేముందు ఫోను చేసి, డి దాటిన కప్పులు స్టాకులో ఉన్నాయా అని అడగండి. లేకపోతే ఉన్నదే మీకు సరిపోతుందని నచ్చజెప్పే ప్రమాదం ఉంది. కొలతల సంగతి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఇక్కడ ఉన్నారు.

హిందూపురం కుట్టుమిషను

టీచరు గారూ, మీ ప్రశ్న రాత్రే చదివాను. బోర్డు పై సగం వదిలేశానన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇవాళ షాపు కట్టేశాక కూర్చుని రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

మాది హిందూపురం. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి బొమ్మనహళ్ళి వైపు ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళు పనిచేశాను. అందులో తొమ్మిదేళ్ళు బ్రాల లైనులోనే. మొదట హుక్కుల టేపు కుట్టేదాన్ని, తర్వాత కప్పు కింద వంపుగా ఉండే వైరును దూర్చే గొట్టం కుట్టేదాన్ని, చివరి మూడేళ్ళు చెకింగు. ఇప్పుడు కల్కెరెలో సొంతంగా జాకెట్లు కుడుతున్నాను. చూడటానికి ఇంతే ఉంటుంది గానీ ఒక్క బ్రాలో ఇరవైకి పైగా ముక్కలుంటాయి. అంత పని పెట్టి కుట్టిన వస్తువును కంటితో ఒక్క చూపు చూసి అమ్మేస్తారు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. బరువు మొయ్యవలసింది భుజం పట్టీలు కాదు, రొమ్ముల కింద వీపు చుట్టూ తిరిగి వచ్చే పట్టీ. నిండు బిందెను చంకన పెట్టుకుని నడిచామనుకోండి. బరువు నడుం మీద ఆనుతుంది, చెయ్యి ఊరికే పట్టుకుని ఉంటుంది. బిందె నడుం మీది నుంచి జారిందంటే మొత్తం బరువు చేతి మీద పడుతుంది, పది అడుగులు వెయ్యలేము. బ్రాలో నడుం పని కింది పట్టీది, చేతి పని భుజం పట్టీలది. మీ భుజాల మీద గాడులు పడ్డాయంటే నడుం చెయ్యవలసిన పని చేతులు చేస్తున్నాయన్న మాట.

38 మీకు వదులు. వదులు పట్టీ వీపు మీద ఆగదు. ముందున్న బరువు కిందికి లాగుతుంటే వెనక భాగం పైకి లేస్తుంది. అది లేచినప్పుడు మనం చేసేదేమిటి? భుజం పట్టీలు బిగిస్తాం. అవి వెనక భాగాన్ని ఇంకా పైకి గుంజుతాయి. మీరు చెయ్యెత్తిన ప్రతిసారీ జరుగుతున్నది ఇదే.

ఇప్పుడు కొలత. దర్జీ టేపు తీసుకోండి. బ్రా లేకుండా అద్దం ముందు నిలబడండి. టేపును సరిగ్గా రొమ్ముల కింద చుట్టి, వీపు మీద కూడా నేలకు సమంగా ఉందో లేదో అద్దంలో చూసుకోండి. ఊపిరి పూర్తిగా వదిలి, టేపు బిగించి చదవండి. బిగించమంటే భయపడవద్దు, పట్టీ కూడా అలాగే పట్టి ఉండాలి. ఆ సంఖ్యను దగ్గరి సరిసంఖ్యకు తెచ్చుకోండి. 31 వస్తే 32, 33 వస్తే 34. అదే మీ అంకె. దానికి ఏమీ కలపకండి.

ఏమీ కలపవద్దని ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, చాలా దుకాణాలలో ఇప్పటికీ నాలుగో ఐదో కలుపుతారు. అది సాగని బట్టతో కుట్టే రోజుల నాటి లెక్క. ఇప్పుడు వెనక భాగానికి వాడే నెట్టు బట్ట రబ్బరులా సాగుతుంది. మీ బీరువాలో ఏదైనా పాత 34 ఉంటే, అందులోనూ ఎక్కువ వాడనిది, లాగకుండా బల్ల మీద పరిచి కొలవండి. 34 అంగుళాలు రావు. చాలావాటికి 27, 28 వస్తాయి. మిగతాది సాగుడు. సాగినప్పుడే అది పట్టుకుంటుంది. సాగే బట్టకు పాత లెక్క ప్రకారం నాలుగంగుళాలు కలిపితే పట్టీ ఊరికే వేలాడుతుంది.

ఇక రెండో కొలత. నిలబడి, రొమ్ములు నిండుగా ఉన్నచోట టేపును ఒత్తకుండా చుట్టి చూడండి. తర్వాత నడుం దగ్గర వంగి, వీపు నేలకు సమాంతరంగా పెట్టి అదే చోట మళ్ళీ చూడండి. నిలబడినప్పుడు కిందికి ఒదిగిపోయేదంతా వంగినప్పుడు లెక్కలోకి వస్తుంది. రెండింటి సగటు తీసుకోండి, సగటు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ సగటు నుంచి మీ పట్టీ అంకెను తీసివేస్తే వచ్చే తేడాయే కప్పు అక్షరం. ఒక అంగుళం తేడా అయితే ఏ, రెండు బి, మూడు సి, నాలుగు డి, ఐదు డిడి. ఆ తర్వాత ఇ, ఎఫ్ అని పోతుంది.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. అక్షరానికి విడిగా అర్థం లేదు. 34 సి కప్పులో పట్టేంత 36 సి కప్పులో పట్టేదానికంటే తక్కువ. మా లైనులో 38 బి, 36 సి, 34 డి మూడింటికీ ఒకే వైరు వచ్చేది. సంచీ విడిగా కట్టి, మీద సైజు రాసి ఉండేది. మొదటివారం పొరపాటేమోనని సూపర్‌వైజరును అడిగాను. ఆమె మూడు కప్పులను ఒకదాని మీద ఒకటి బోర్లించి చూపించింది. మూడింటిలోనూ పట్టేది ఒకటే. పట్టీ ఒక సైజు తగ్గితే అక్షరం ఒకటి పెరగాలి, పట్టీ పెరిగితే అక్షరం తగ్గాలి. నేను ఆ రోజు నేర్చుకున్నది ఇదే, దీన్ని ఎవరైనా దుకాణంలో చెబితే సగం కష్టాలు తీరతాయి.

మీ కొలతలు ఇక్కడ రాయడం ఇష్టమైతే రాయండి. లేకపోతే మీరే వేసుకోండి, లెక్క తేలికే.

లెక్కల టీచరు

అక్కా, నిన్న రాత్రి తలుపు గడియ వేసుకుని కొలుచుకున్నాను. రొమ్ముల కింద 33 అంగుళాలు. నిలబడి 38, వంగి 40. సగటు 39. పట్టీ 34 అనుకుంటే తేడా 5. అంటే 34 డిడి!

మూడుసార్లు కొలిచాను, అదే వచ్చింది. మీరు చెప్పినట్టు ఒక 34 బ్రాను బల్ల మీద పరిచి చూస్తే ఇరవై ఏడున్నర ఉంది. ఇన్నేళ్ళుగా నేను దీన్ని ఒకే చరరాశి ఉన్న లెక్క అనుకున్నాను. అందులో ఉన్నవి రెండు. పదేళ్ళ క్రితం 34 బి బిగుతుగా అనిపించినప్పుడు నేను మార్చవలసింది అక్షరం, మార్చింది అంకె. అప్పటి నుంచి అన్నీ అదే తప్పు మీద కట్టిన మెట్లు.

ఒక సందేహం. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. డిడి అనే మాట వినగానే నాకు ఏదోలా అయింది. నేను అంత పెద్దగా కనపడతానా అనిపించింది. దుకాణంలో పైకి అడగగలనా?

వైట్‌ఫీల్డ్ వాసి

అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదండీ. 1932లో అమెరికాలో ఎస్.హెచ్. క్యాంప్ అనే కంపెనీ కప్పులకు అక్షరాలు పెట్టినప్పుడు ఏ నుంచి డి వరకు నాలుగే పెట్టింది. డి అంటే చివరిది, అన్నిటికంటే పెద్దది అన్న భావన అలా నాటుకుపోయి ఉంటుందని నా నమ్మకం. నాది 30 డిడి. నన్ను చూసినవాళ్ళెవరూ పెద్ద రొమ్ములు అనుకోరు, ఎందుకంటే 30 డిడి కప్పులో పట్టేది 34 సి కప్పులో పట్టేంతే. నేనూ పదేళ్ళు 34 బి వేసుకున్నాను.

హిందూపురం కుట్టుమిషను

సరిగ్గా చేశారు టీచరు గారూ. ఇప్పుడు మీ 38 బి సంగతి చూడండి. 38 బి కప్పు, 34 డి కప్పు ఒకటే అన్నాను కదా. మీకు కావలసింది 34 డిడి. అంటే మీరు ఇన్నాళ్ళూ నాలుగంగుళాలు ఎక్కువైన పట్టీని, ఒక సైజు తక్కువైన కప్పును కలిపి వేసుకుంటున్నారు. అందుకే వెనక వదులు, ముందు ఇరుకు. పాత లెక్క ప్రకారం 33కు 5 కలిపితే 38 వస్తుంది, ఆ దుకాణం ఆయన టేపు లేకుండా చెప్పినా ఆ అలవాటే మాట్లాడింది. పైగా చాలా దుకాణాలలో బి, సి కప్పులే పెడతారు. తన దగ్గర లేని సైజును ఎవరూ మీ సైజు అని చెప్పరు.

34 డిడి మొదలు మాత్రమే. బట్ట సాగుడు కంపెనీకి ఒక రకంగా ఉంటుంది, కాబట్టి వేసుకుని చూడకుండా కొనకండి. ఒక కంపెనీ డి తర్వాత డిడి అని రాస్తుంది, మరొకటి డి తర్వాత నేరుగా ఇ అంటుంది. మొదటివాళ్ళ ఇ, రెండోవాళ్ళ ఇ ఒకటి కావు. పెట్టె మీద కొలతల పట్టిక చూసుకోండి.

గదిలోకి వెళ్ళాక ఇలా చెయ్యండి. కొత్తదాన్ని బయటి వరుస హుక్కుకు, అంటే అన్నిటికంటే వదులుగా ఉండే వరుసకు పెట్టుకోవాలి. అక్కడే గట్టిగా పట్టాలి. మూడు వరుసల మధ్య మొత్తం అంగుళం పైనే తేడా ఉంటుంది. వాడేకొద్దీ సాగినప్పుడు లోపలి వరుసలకు వెళ్ళడానికే అవి ఉన్నాయి. కొత్తదాన్నే లోపలి వరుసకు పెట్టుకోవలసి వచ్చిందంటే అది మీకు పెద్దది. వెనక పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, అంతకంటే దూరకూడదు.

తర్వాత ముందుకు వంగి, చంక పక్కన ఉన్న కండను కూడా అరచేత్తో కప్పులోకి తెచ్చుకోండి. ఈ పని మానవద్దు. ఏళ్ళ తరబడి చిన్న కప్పు వేసుకున్నవాళ్ళకు రొమ్ము చంకల వైపు జరిగి, అది కొవ్వు అనుకుంటుంటారు. దాన్ని లోపలికి తెచ్చాక కప్పు నిండి పొంగిందంటే ఇంకో అక్షరం పెంచాలి. రెండు కప్పుల మధ్య ముక్క ఎముకకు ఆని ఉండాలి, గాలిలో తేలకూడదు. వైరు రొమ్మును చుట్టుకుని పక్కటెముకల మీద కూర్చోవాలి, రొమ్ము మీద ఎక్కకూడదు. ఒక పక్క రొమ్ము పెద్దదిగా ఉండటం మామూలే, పెద్ద పక్కకు కప్పు చూసుకుని రెండోవైపు భుజం పట్టీ కాస్త బిగించుకోండి.

ఇవన్నీ అయ్యాక ఆ గదిలోనే గోడను బోర్డు అనుకోండి. కుడి చెయ్యి పైకెత్తి, ఈ మూల నుంచి ఆ మూలకు ఒక గీత గీస్తున్నట్టు కదలండి. పట్టీ కదలకపోతే కొనండి.

మల్లేశ్వరం అత్తమ్మ

అందరూ చెబుతున్నది చదివాను. నాకు అరవై నిండాయి. మా రోజుల్లో దీన్ని బాడీ అనేవాళ్ళం. మెత్తని నూలు బట్టతో మా అత్తగారే కుట్టేవారు, ముందు హుక్కులు. ఏ కొలతా లేదు, అయినా ఒంటిని నొప్పించలేదు. వైరు ఉన్నది ఒకసారి మా కోడలు తెచ్చి పెట్టింది. రెండో నెలకే వైరు బట్ట చీల్చుకుని చంకలో గుచ్చుకుంది. ఆడవాళ్ళు పొద్దున లేచింది మొదలు వంటింట్లో, బస్సులో, ఆఫీసులో నలుగుతుంటే పైన మళ్ళీ ఈ ఇనుప తీగలు దేనికమ్మా? టీచరమ్మ వైరు లేని నూలువే చూసుకోవడం మంచిదని నా మాట. ఇంటికి రాగానే విప్పేసి హాయిగా ఉండాలి, అదీ చెప్పాలి కదా ఎవరైనా.

హిందూపురం కుట్టుమిషను

అమ్మా, మీరు చెప్పిన చివరి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంట్లో ఉన్నప్పుడు వేసుకోవాలన్న నియమం ఏదీ లేదు.

వైరు విషయంలో మాత్రం ఒక్క మాట. కప్పు చిన్నదైతే వైరు రొమ్ము మీదికి ఎక్కుతుంది, పట్టీ వదులైతే అటూ ఇటూ కదులుతుంది. అలా కదిలి కదిలి గొట్టం కొసను తొలిచేస్తుంది. చెకింగులో వాపసు వచ్చినవాటిని చూశాను, ఎక్కువ చంక వైపు కొసనే చిరిగేవి. మిషనులో వేసి పిండినా వైరు వంగిపోతుంది. వైరు ఇష్టం లేనివాళ్ళు నిక్షేపంగా మానుకోవచ్చు, దానికీ ఇదే కొలత. బరువైన ఒంటికి వైరు లేనిది తీసుకునేటప్పుడు ఒకే ముక్కతో అచ్చు పోసిన కప్పు కాకుండా, మూడు నాలుగు ముక్కలు కలిపి కుట్టిన కప్పు, కింద వెడల్పాటి పట్టీ, వెనక మూడు హుక్కులు ఉన్నది చూడండి. ఆ అతుకులే మోస్తాయి. మీ అత్తగారు కుట్టినదానిలో కూడా అతుకులు ఉండి ఉంటాయి, అవి మీ ఒంటిమీద పెట్టి చూసి కుట్టినవి. కొలత లేదంటున్నారు గానీ ఆమె చేతిలోనే ఉందమ్మా కొలత.

వార్డు నర్సు

నేను ఇక్కడ ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. టీచరు గారు రొమ్ముల కింద మంట అన్నారు కాబట్టి రాస్తున్నాను. చర్మం మీద చర్మం ఆని, చెమట నిలిచి ఒరుసుకుపోతుంది. ఆ తడిలో ఫంగస్ పెరిగితే ఎర్రబడి దురద, వాసన వస్తాయి. స్నానం అయ్యాక మెత్తని తువ్వాలుతో అద్ది, పూర్తిగా ఆరాకే వేసుకోండి. తడిసిన బ్రా మార్చుకోండి. వారంలో తగ్గకపోతే సొంతంగా ఏదో ఒక క్రీము రాయకుండా చర్మ వైద్యులకు చూపించండి. మాటిమాటికీ వస్తుంటే చక్కెర కూడా ఒకసారి పరీక్ష చేయించుకోండి.

వైరు వల్ల క్యాన్సర్ వస్తుందా అని వార్డులో చాలామంది నన్ను చెవిలో అడుగుతారు. రాదు. అమెరికాలో సియాటెల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం వాళ్ళు 55 నుంచి 74 ఏళ్ళ మహిళల మీద చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. వైరు ఉందా లేదా, రోజుకు ఎన్ని గంటలు వేసుకుంటారు, ఏ వయసులో మొదలుపెట్టారు, వీటిలో దేనికీ సంబంధం కనపడలేదు. గడ్డ, చనుమొన నుంచి స్రావం, చర్మం సొట్టపడటం లాంటివి కనిపిస్తే మాత్రం బ్రా సైజు మీద నెపం పెట్టి ఊరుకోకండి. వెంటనే చూపించండి.

నెలసరి ముందు రొమ్ములు ఉబ్బుతాయి కాబట్టి కొలత ఆ వారంలో తీసుకోకండి.

లెక్కల టీచరు

పన్నెండు రోజుల తర్వాత వచ్చాను. ఏం జరిగిందో మీ అందరికీ చెప్పాలి.

మొన్న శనివారం స్కూలు అర పూటే. వైట్‌ఫీల్డ్ వాసి గారు చెప్పినట్టు ముందు ఫోను చేసి, డిడి ఉందని ఖాయం చేసుకుని వెళ్ళాను. కొలిచిన అమ్మాయి చిత్తూరు వైపు నుంచి వచ్చిందట, తెలుగులోనే మాట్లాడింది. నేను "34 డిడి" అని పైకి అన్నాను. ఆ అమ్మాయి ఏ వింతా లేకుండా "ఉన్నాయి మేడమ్, రంగు ఏది కావాలి" అని అడిగింది. ఆ ఒక్క మాట అనడానికి నేను ఇంట్లో రెండు రోజులు సాధన చేశాను.

తొమ్మిది వేసుకుని చూశాను. మొదటిది 34 డిడి అయినా మధ్య ముక్క ఎముకకు ఆనలేదు. అక్క చెప్పినట్టు చంక పక్క నుంచి కండ తెచ్చుకుంటే కప్పు పొంగింది. రెండో కంపెనీది పట్టీ పలకలా బిగుసుకుంది, ఊపిరి అందలేదు. మూడోదానికి కప్పు పైన ఖాళీ మిగిలి బట్ట ముడతపడింది. అది ఒకే ముక్కతో పోసిన స్పాంజి కప్పు. ఆరోది, ముక్కలు కలిపి కుట్టిన కప్పు, వైరు ఉన్నది, 34 డిడి, బయటి వరుస హుక్కు. గోడ మీద చెయ్యెత్తి గీత గీశాను. పట్టీ కదల్లేదు. ఇంకోసారి గీశాను, ఎడమ చేత్తో కూడా. ఆ గదిలో నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భుజం పట్టీలు రెండూ కిందికి దించి చూసినా ముందు భాగం ఉన్నచోటే ఉంది. నడుం మీద బిందె అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది.

ధర పదకొండు వందలు. ఇదివరకు నేను మూడు వందలు దాటి ఎన్నడూ పెట్టలేదు. కానీ బీరువాలో ఉన్న పదకొండింటికి పెట్టిన డబ్బు కూడితే దీనికంటే ఎక్కువే. అత్తమ్మ గారి మాట కూడా మరచిపోలేదు. ఆదివారాలకు వైరు లేని నూలుది కావాలని అడిగాను. 34 డిడి లేదు, 36 డి ఉంది. కప్పు ఒకటే కదా అని తీసుకున్నాను. కప్పు చక్కగా కుదిరింది గానీ పట్టీ వదులే.

సోమవారం మొదటి పీరియడు తొమ్మిదో తరగతి. బోర్డు పై అంచు నుంచి మొదలుపెట్టి కింది దాకా రాశాను. వెనక బెంచీల నుంచి ఎవరూ ఏమీ అనలేదు. మూడో పీరియడు దాకా బ్రా సంగతే గుర్తు రాలేదు. మెడ నొప్పి పూర్తిగా పోలేదు, కానీ సాయంత్రం ఇంటికొచ్చి పడుకునేదాన్ని, ఇప్పుడు పడుకోవడం లేదు. చర్మం మంట నర్సు గారు చెప్పినట్టు ఆరబెట్టుకుంటే తగ్గింది. అమ్మకు కూడా ఫోను చేసి టేపు తీసుకోమన్నాను. "ఈ వయసులో నాకెందుకే" అంది, కానీ వెంటనే "ఊపిరి వదిలి కొలవాలా, పీల్చి కొలవాలా" అని అడిగింది. అమ్మది 40 బి కాదు, 36 డి.

ఒక కొత్త చిక్కు వచ్చింది అక్కా. రొమ్ములు ఉండవలసిన చోటికి వచ్చాక నా జాకెట్లు ఏవీ కుదరడం లేదు. డాట్లు అంగుళం కిందికి ఉండిపోయాయి, భుజం దగ్గర ముడత వస్తోంది. మొత్తం పద్నాలుగు జాకెట్లు. వీటిని విప్పి సరిచెయ్యవచ్చా? ఆ 36 డి పట్టీని తగ్గించడం మీ చేతనవుతుందా? పాత 38లను కూడా అలాగే చిన్నవి చేసుకోవచ్చా? కల్కెరె మాకు దగ్గరే.

హిందూపురం కుట్టుమిషను

టీచరు గారూ, మీరు రాసింది చదివి మా ఆయనకు కూడా వినిపించాను. బోర్డు భాగం మాత్రమే వినిపించాను లెండి.

36 డి తెచ్చెయ్యండి. వెనక హుక్కుల టేపు విప్పి, రెండు వైపులా ముప్పావు అంగుళం చొప్పున కోసి మళ్ళీ కుడతాను. అంతకంటే ఎక్కువ కొయ్యకూడదు, భుజం పట్టీలు చంకల్లోకి వెళ్ళిపోతాయి. 38లు మాత్రం తేవద్దు. వాటిని నాలుగు అంగుళాలు తగ్గించాలి, తగ్గించినా కప్పు చిన్నదే. ఎలాస్టిక్కు కూడా ప్రాణం పోయి ఉంటుంది. కొత్తవాటిని వేడినీళ్ళలో, బ్లీచింగు నీళ్ళలో వెయ్యకండి, పిండకండి. చేత్తో ఉతికి నీడన ఆరెయ్యండి. ఒకటే ఉంటే రోజూ అదే వేసుకుంటారు, జీతం వచ్చాక ఇంకోటి కొనుక్కుని మార్చి మార్చి వాడండి.

పద్నాలుగు జాకెట్లూ ఒక్కసారి తేకండి. లోపల కుట్టులో బట్ట మిగిలి ఉన్నవి ఏవో ఇంట్లోనే చూసుకోండి. ప్రక్క కుట్టు దగ్గర అర అంగుళం ఉంటే డాట్లు విప్పి పైకి జరపవచ్చు, భుజం మీద కాస్త లోపలికి తీసుకోవచ్చు. బట్ట మిగలనివి, లైనింగుతో పాటు అంచుకు కోసేసినవి కదిలిస్తే పాడవుతాయి. ముందుగా మీరు ఎక్కువగా కట్టే చీరల మీదివి నాలుగు తీసుకురండి.

వచ్చేటప్పుడు కొత్తది వేసుకునే రండి. పాతదాని మీద కొలత తీస్తే నేను ఎంత జాగ్రత్తగా కుట్టినా మళ్ళీ ఆ పాత జాకెట్టే వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం రెండింటి దాకా ఉంటాను. మీ అమ్మగారు బెంగళూరు వచ్చినప్పుడు ఆమెనూ తీసుకురండి, 36 డి మీద ఒక కొలత ఆమెకూ తీద్దాం.